మంద్ర పంచమం కోసం ఒక తీగ

యుకులేలేకి నాలుగు తీగలు. పైనుంచి కిందికి మీటుకుంటూ వస్తే వరసగా జీ, సీ, ఈ, ఏ అని పలుకుతాయి. సీని షడ్జమం చేసుకుంటే అవి మన లెక్కలో పంచమం, షడ్జమం, గాంధారం, ధైవతం. చిక్కంతా ఆ మొదటి పంచమంతోనే. గిటార్ అలవాటైన చెయ్యి అక్కడ బరువైన స్వరం పలుకుతుందనుకుంటుంది. పలికేది మాత్రం పక్కనున్న షడ్జమం కంటే పైనుండే పంచమం. అంటే ఈ వాద్యంలో అన్నిటికన్నా కింద ఉన్నది షడ్జమమే. దాని కింద మెట్టే లేదు.

కార్డులు కొట్టుకుంటూ పాడుకునేవాళ్లకి ఇది లోపం కాదు. ఆ పై పంచమం వల్లే యుకులేలేకి గలగలమనే ఆ చలాకీతనం వచ్చింది. ఇబ్బంది తెలిసేది మన పాటను ఒక్కొక్క స్వరంగా వాయించబోయినప్పుడే. సరళీ వరుసలు హాయిగా సాగిపోతాయి. మంద్రస్థాయి వరుసల దగ్గరికి వచ్చేసరికి నిషాదం కోసం వేలు వెతుక్కుంటుంది. అంతదాకా ఎందుకు, జాతీయ గీతాన్నే తీసుకోండి. మొదటి వాక్యం ముగిసేలోపే బాణీ షడ్జమం కిందికి దిగి మంద్ర నిషాదాన్ని తాకి వస్తుంది. 1919 ఫిబ్రవరిలో టాగూర్ మదనపల్లె థియోసాఫికల్ కాలేజీలో ఉన్నప్పుడే ఆ పాటను ఇంగ్లిష్‌లోకి మార్చారు. అక్కడే మార్గరెట్ కజిన్స్ ఆ బాణీకి స్వరాలు రాసుకున్నారు. ఆ స్వరాలు ముందు పెట్టుకుని సీ శ్రుతిలో మామూలు యుకులేలే మీద వాయిస్తే, ఆ ఒక్క నిషాదం దగ్గర ఆగిపోతాం. శ్రుతి పెంచి ఎఫ్‌లో వాయించుకోవచ్చు కదా అంటారు. వాయించుకోవచ్చు. అప్పుడు షడ్జమం ఖాళీ తీగ మీద మోగదు, పాడేవాళ్ల గొంతు కూడా వాద్యంతోపాటు పైకెక్కాలి. వాద్యం గొంతుకోసం దిగాలి గానీ గొంతు వాద్యంకోసం ఎక్కడమేమిటి?

అందుకే పటాన్‌చెరులోనైనా పాలకొల్లులోనైనా మన పాట వాయించేవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు 'లో జీ' అనే మాట దగ్గరికి చేరతారు. పై పంచమం తీసేసి, దాని చోట ఒక స్థాయి కిందుండే పంచమం తీగ వెయ్యడమే లో జీ. వేస్తే మంద్ర పంచమం, ధైవతం, నిషాదం చేతికొస్తాయి. చెప్పడానికి ఒక్క తీగ మార్పు. ఆ తీగ తయారు కావడానికి మాత్రం మూడు వందల ఏళ్లకు పైనే పట్టింది.

యుకులేలేకి ఆ పై పంచమం ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. 1879 ఆగస్టు 23న రావెన్స్‌క్రాగ్ అనే ఓడ హోనొలూలూ రేవు చేరింది. అందులో వచ్చినవాళ్లు పోర్చుగల్‌కి చెందిన మదీరా దీవి మనుషులు, నాలుగు వందలకు పైగా. వచ్చింది హవాయి చెరకు తోటల్లో పనికి. బిహార్ నుంచీ ఒడిశా నుంచీ వచ్చి పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీ షెడ్లలో పనిచేసేవాళ్లని రోజూ చూస్తున్న మనకి ఆ దృశ్యం కొత్తది కాదు. వాళ్లలో మాన్యుయెల్ నూనెస్, అగుస్తో దియాస్, జొజే దు ఎస్పిరితు శాంతు అనే ముగ్గురు వడ్రంగులు. తోట పని గడువు తీరాక బల్లలు, కుర్చీలతోపాటు తమ ఊరి చిన్న వాద్యాలూ చేసి అమ్మారు. వాటిలో ఒకటి మషెతె, ఇంకోటి ఐదు తీగల రజావ్. మషెతె ఆకారం, రజావ్ శ్రుతి కలిసి యుకులేలే పుట్టిందని చరిత్రకారులు చెబుతారు. రజావ్‌లోనే తీగలు మెట్లుమెట్లుగా కాకుండా కిందా మీదా అయి ఉండేవి. హవాయి రాజు కలాకౌవా యుకులేలేని దర్బారులోకి తీసుకున్నాడు. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రదర్శన తర్వాత అమెరికా అంతా దాన్ని చేతబట్టింది.

అప్పటి తీగలు పేగువి. గొర్రె పేగును పురిపెట్టి, ఎండబెట్టి, నునుపు చేసిన తీగ. దానితో కింది పంచమం చెయ్యాలంటే ఏమవుతుందో ఇంటర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో సోనోమీటర్ ముందు నిలబడ్డవాళ్లకి గుర్తుండాలి. తీగ పొడుగు సగం చేస్తే స్వరం ఒక స్థాయి పెరుగుతుంది. బిగువు నాలుగింతలైతే ఒక స్థాయి పెరుగుతుంది. తీగ బరువు నాలుగింతలైతే ఒక స్థాయి తగ్గుతుంది. ఈ లెక్క 1636లో ఫ్రాన్స్‌లో మెర్సెన్ అనే ఫాదరీ అచ్చు వేయించిన పుస్తకంలోది. దీని ప్రకారం, అదే పొడుగులో, అదే బిగువులో, అదే పదార్థంతో ఒక స్థాయి దిగాలంటే తీగ సరిగ్గా రెండింతల లావుండాలి. లావు పెరిగేకొద్దీ తీగ దారంలా కాకుండా కడ్డీలా కదులుతుంది. దాని అనుస్వరాలు ఉండవలసిన చోట ఉండక కాస్త పైకి జరుగుతాయి. చెవికి అది మోత కాదు, మొద్దు చప్పుడు. పదమూడు అంగుళాల తీగ పొడుగున్న సొప్రానో యుకులేలే మీద లావాటి పేగు తీగ వేస్తే వినిపించేది అదే. అందుకని పంచమాన్ని పైనే ఉంచడం తెలివైన పని. దాన్ని హవాయివాళ్ల వింత అలవాటనుకోవడం సరికాదు.

మరి కిందికి దిగడానికి దారేది? ఆ సోనోమీటరే చెబుతుంది. తీగ పొడుగు పెంచాలి, లేదా బిగువు తగ్గించాలి, లేదా బరువు పెంచాలి.

పొడుగు పెంచడం మన తంబురా దారి. మగ గొంతుకి పెద్ద తంబురా, ఆడ గొంతుకి చిన్నది. యుకులేలేవాళ్లు కూడా ఇదే దారిలో సొప్రానో తర్వాత కాన్సర్ట్, టెనర్, ఆ తర్వాత బారిటోన్ అంటూ పెట్టె పెంచుకుంటూ పోయారు. టెనర్ తీగ పొడుగు సుమారు పదిహేడు అంగుళాలు. లో జీ వేసేవాళ్లు ఎక్కువమంది టెనర్ దగ్గరే ఆగుతారు, ఎందుకంటే తీగ ఒక్కటి చాలదు, కింది స్వరాన్ని బయటికి పంపడానికి పెట్టెలో గాలీ కావాలి. సొప్రానో మీద లో జీ వేసిన వీడియోలు బోలెడు. మైకు ముందు బాగానే ఉంటుంది. గదిలో కూర్చుని వింటే ఆ తీగ ఒక్కటే గొంతు పోయినట్టుంటుంది.

బిగువు తగ్గించడం వయొలిన్ దారి. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు తెల్లవాళ్ల వయొలిన్‌ని మన సంగీతంలోకి తెచ్చినవాళ్లలో ముందువరసలో ఉన్నారు. ఆ తర్వాత మనవాళ్లు దాని తీగల్ని స, ప, స, ప అని గొంతుకి తగ్గట్టు దించేశారు. తెల్లవాళ్ల శ్రుతి కంటే అది కొన్ని మెట్లు కింద. విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వయొలిన్ కూడా అలా దించినదే. వయొలిన్‌కి కమాను ఉంది, మెట్లు లేవు, కాబట్టి కొంచెం వదులైనా నడుస్తుంది. పైగా వదులు తీగ మీద గమకం సుఖంగా జారుతుందని నా అభిప్రాయం. యుకులేలే మీద ఈ దారి ఎక్కువ దూరం పోదు. రెండు అర మెట్లు దించితే బిగువులో ఐదో వంతు పోతుంది, ఐదు అర మెట్లు దించితే దాదాపు సగం పోతుంది. ఒక స్థాయి దించితే మిగిలేది పావు వంతు. అప్పుడు తీగ మెట్ల మీద టపటపా కొట్టుకుంటుంది, వేలితో నొక్కగానే శ్రుతి పక్కకి పోతుంది.

మిగిలింది బరువు. దీనికి మన పెద్దలు వాడిన ఉపాయం తంబురా మీదే కనిపిస్తుంది. పంచమం, సారణి, అనుసారణి ఉక్కు తీగలు. నాలుగోది, మంద్ర షడ్జమం మాత్రం ఇత్తడిదో కంచుదో. ఇత్తడి ఉక్కు కంటే బరువు కాబట్టి అనుకుంటాం. నిజమే కానీ ఆ తేడా కొద్దిగానే: ఘన సెంటీమీటరుకి ఉక్కు 7.8 గ్రాములైతే ఇత్తడి 8.5. అసలు గుట్టు మెత్తదనం. ఇత్తడి ఉక్కులో సగం గట్టిదనమే ఉన్న లోహం. లావుగా వేసినా కడ్డీ కాదు, దారంలాగే కదులుతుంది. వీణ మీద కూడా సారణికి ఉక్కు వేసి, మంద్రానికి, అనుమంద్రానికి ఇత్తడో, తీగ చుట్టినదో వేస్తారు. ఏ పుస్తకం చూసి చేశారో గానీ, చెవి పట్టుకున్న లెక్క సరైనదే.

ఐరోపావాళ్ల వీణల మీద పేగు తీగలే ఉండేవి కాబట్టి వాళ్లకి వేరే ఉపాయం కావలసి వచ్చింది. 1659లో లండన్‌లో శామ్యుల్ హార్ట్‌లిబ్ అనే ఆయన తన రోజువారీ రాతల్లో గోరెట్‌స్కీ అనే వ్యక్తి కనిపెట్టిన కొత్త తీగ గురించి రాసుకున్నాడు. పేగు మీద సన్నటి వెండి తీగను చుట్టడం. 1664లో ప్లేఫోర్డ్ అనే పుస్తకాల వ్యాపారి దాన్ని ప్రకటనగా అచ్చేశాడు. లోపలి పేగు బిగువు మోస్తుంది, పైనున్న లోహం బరువిస్తుంది. లోహం మెలికలు మెలికలుగా చుట్టుకుని ఉంటుంది కాబట్టి వంగడానికి అడ్డుపడదు. బలం ఒకచోట, బరువు ఒకచోట. ఈ కథలో అసలు ఆవిష్కరణ ఇదే అని నాకనిపిస్తుంది. తర్వాత వచ్చినవన్నీ దీనికి పేగు బదులు ఇంకోటి, వెండి బదులు ఇంకోటి. రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ జనరేటర్ల చుట్టూ పెరిగిన ఊళ్లలో వైండింగ్ అంటే ఏమిటో ఎవరికీ చెప్పక్కర్లేదు. పటాన్‌చెరు రోడ్డు పక్క షాపులో బోరు మోటారుకి రాగి తీగ చుట్టే మనిషి చుట్టుకి చుట్టు ఆనించి, ఎక్కడా సందు రాకుండా, ఒకదానిమీదొకటి ఎక్కకుండా ఎలా చూసుకుంటాడో, తీగ మీద తీగ చుట్టే యంత్రం కూడా అంతే. సందు వస్తే తీగ బుసబుసమంటుంది.

ఇప్పుడు పాలకొల్లు వెళదాం. 1969 ఫిబ్రవరి 28న అక్కడ పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ కథ ఈ విషయానికి మన నేల మీద దొరికే అసలైన ఉదాహరణ. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ వాయించేవారు, ఇంట్లో మాండొలిన్ ఉంది. పిల్లవాడు ఐదారేళ్లకే దాన్ని పట్టుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు, చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయనకి మాండొలిన్ రాదు. ఆయన పాడేవారు, కుర్రాడు విని వాయించేవాడు. ఈ ఒక్క సంగతి లేకపోతే తర్వాత జరిగింది జరిగేది కాదేమో. వాద్యం తెలిసిన గురువైతే మాండొలిన్‌కి ఏది సాధ్యమో అదే నేర్పేవారు. ఇక్కడ ముందు గొంతు నడిచింది, వాద్యం వెనక పరుగెత్తింది.

పరుగెత్తాలంటే వాద్యాన్ని మార్చాలి. మామూలు మాండొలిన్‌కి నాలుగు జతలు, ఎనిమిది తీగలు. ఒక్కో జతలో రెండూ ఒకే శ్రుతి. గబగబా మీటితే జత మోత బాగుంటుంది. తీగను పక్కకి లాగి గమకం పలికించబోతే రెండూ సమానంగా లాగబడవు, ఒకటి ముందు, ఒకటి వెనక. పైగా మీటిన స్వరం రెండో క్షణానికే చచ్చిపోతుంది. కర్ణాటక సంగీతానికి కావలసింది నిలబడే స్వరం. శ్రీనివాస్ కరెంటు మాండొలిన్ తీసుకుని, జతలు తీసేసి నాలుగు ఒంటి తీగలు వేశారు. ఆ తర్వాత ఐదో తీగ చేర్చారు. దాంతో మూడున్నర స్థాయిల విస్తారం చేతికొచ్చింది. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో మొదటి కచేరీ, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం, 1998లో పద్మశ్రీ. 2014 సెప్టెంబరు 19న నలభై ఐదేళ్లకే వెళ్లిపోయారు. కచేరీల జాబితా అందరికీ తెలిసిందే. తీగల మార్పు గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడరు. మాండొలిన్ పెట్టె ఎంత చిన్నదో యుకులేలే పెట్టె అంతే చిన్నది. కింది స్వరం పెట్టెలోంచి రావాలంటే రాదు. పికప్ పెట్టగానే ఆ బాధ్యత పెట్టె మీదినుంచి స్పీకర్ మీదికి పోయింది. అప్పుడు తీగల్ని పాట అడిగినట్టు వేసుకోవచ్చు. ఈరోజు పికప్ ఉన్న టెనర్ యుకులేలే మీద లో జీ అంత నిండుగా వినిపించడానికీ కారణం అదే.

యుకులేలే మాత్రం మెత్తటి తీగల వాద్యం, దాని మీద ఉక్కు వేస్తే గుర్రం (బ్రిడ్జి) ఊడొస్తుంది. అందుకని దాని కథ ప్లాస్టిక్ వైపు నడిచింది. 1935లో డ్యూపాంట్ కంపెనీలో వాలెస్ కరోథర్స్ బృందం నైలాన్ చేసింది. రెండో ప్రపంచ యుద్ధంలో పేగు దారమంతా గాయాలు కుట్టడానికి పోయింది, సంగీతానికి మిగల్లేదు. న్యూయార్క్‌లో ఆల్బర్ట్ ఆగస్టీన్ అనే గిటార్ పనివాడు నైలాన్ పోగులతో తీగలు చేసి చూశాడు. గిటార్ దిగ్గజం సెగోవియా మెచ్చాడు. ఆ తర్వాత పేగు తిరిగి రాలేదు. నైలాన్‌కి ఒక లోపం: తేలిక. ఘన సెంటీమీటరుకి 1.14 గ్రాములు. అందుకే కింది స్వరానికి అదీ లావుగానే ఉండాలి. 1971లో జపాన్ కంపెనీ కురేహా చేపలు పట్టడానికి ఫ్లోరోకార్బన్ దారం తెచ్చింది. నీటిలో చేపకి కనబడదని దానికి పేరు. సంగీతగాళ్లకి నచ్చింది వేరే సంగతి, అది 1.78 గ్రాముల బరువుంది. ఇటలీలో విచెంజాకి చెందిన మిమ్మో పెరుఫో ఇంకో మెట్టు ముందుకెళ్లాడు. పాత చిత్రాల్లో ఐరోపా వీణల కింది తీగలు ఎర్రగా కనిపిస్తాయని గమనించి, చుట్టుడు తీగలు రాకముందే పేగులో లోహ లవణాలు దట్టించి బరువు పెంచేవారని ఆయన వాదించాడు. అందరూ ఒప్పుకోలేదు. ఆయన కంపెనీ అక్విలా మాత్రం ప్లాస్టిక్‌లో లోహపు పొడి కలిపి, చుట్టకుండానే బరువైన ఎర్ర తీగలు చేసి అమ్ముతోంది. వాదన నిలిచినా నిలవకపోయినా తీగ మోగుతోంది.

ఇక మన పటాన్‌చెరు వైపు సంగతి. అరవై ఐదో నంబరు హైవే వెంట రామచంద్రాపురం నుంచి సంగారెడ్డి దాకా వాద్యాల షాపులు తక్కువ. వెళ్లి అడిగితే మాట ఇలా నడుస్తుంది.

"అన్నా, యుకులేలేకి లో జీ తీగ ఉందా?"

"గిటార్‌వి ఉన్నయ్ తమ్మీ. గా చిన్నదానివైతే సెట్టే తీసుకోవాలె, గదాంట్ల నువ్వడిగేది రాదు. సిటీకి పోవాలె, లేకుంటే ఆర్డర్ పెట్టుకో."

ఆయన చెప్పింది సగమే నిజం. నైలాన్ గిటార్ తీగల సెట్ ఆయన దగ్గరే ఉంటుంది. అందులో నాలుగోది, డీ తీగ, నైలాన్ పోగుల మీద వెండిపూత రాగి చుట్టినది. టెనర్ యుకులేలే మీద దాన్ని జీకి శ్రుతి చేస్తే చక్కగా కూర్చుంటుంది. బిగువు మిగతా తీగల కంటే కాస్త ఎక్కువ వస్తుంది, అంతే. ఉక్కు గిటార్ డీ తీగ వేరు, దాన్ని ముట్టుకోవద్దు. చుట్టుడు తీగకి రెండు ఇబ్బందులు: వేలు జారినప్పుడు కీచుమంటుంది, మెట్లకి రాసుకునే చోట రాగి అరిగిపోతుంది. చుట్టని ఫ్లోరోకార్బన్ తీగకి ఈ గొడవ లేదు. పదిహేడు అంగుళాల పొడుగుకి నాలుగున్నర కిలోల బిగువు అనుకుంటే, లెక్కలో దాని లావు 1.05 మిల్లీమీటర్లు. అదే నైలాన్ అయితే 1.3. పై పంచమం తీగ ఇందులో సగం. మంజీర ఒడ్డున గాలం వేసేవాళ్ల దారం సాధారణంగా ఇంత లావుండదు, సముద్రపు చేపలకి వాడేదే కావాలి.

కొన్న తీగ కవరు మీది అంకెను నమ్మకుండా మైక్రోమీటర్‌తో కొలిచి చూడటం మంచిది. టూల్‌రూంలో పనిచేసే మనిషి స్నేహితుడైతే ఇది క్షణం పని. మిగతా పనికీ ఆయనే కావాలి. తీగలన్నీ ఒక్కసారి విప్పకండి, జీ ఒక్కటే వదులు చేసి తీయండి. చివరను గుర్రంలో దూర్చి, వెనక్కి తిప్పి, తన కిందనుంచే రెండుసార్లు మెలిపెట్టి లాగాలి. చుట్టుడు తీగైతే అదనపు ముక్కను కోసేముందు ఆ చోట మడిచి కొయ్యాలి, లేకపోతే చుట్టు జారిపోయి తీగ మూగబోతుంది. అసలు చిక్కు అటు చివర, నట్ దగ్గర, అంటే వీణవాళ్లు మేరువు అనే చోట. అక్కడి గాడి సన్న తీగ కోసం కోసింది. రెండింతల లావు తీగ అందులో దిగదు, పైన ఎక్కి కూర్చుంటుంది. అప్పుడు మొదటి మెట్టు నొక్కితే స్వరం పదునుగా పైకిపోతుంది. నగల పనివాళ్లు వాడే సన్నటి గుండ్రటి ఆకురాయితో గాడిని వెడల్పు చెయ్యాలి. బిరడల వైపుకి కొద్దిగా వాలుండాలి. రెండు రుద్దులు రుద్ది, తీగ పెట్టి చూసి, మళ్లీ రుద్దాలి. లోతు ఎక్కువైతే ఖాళీ తీగ మెట్టుకి తగిలి గరగరమంటుంది. తీగ సగం లావు గాడి పైకి కనిపిస్తుంటే చాలు. పన్నెండో మెట్టు దగ్గర వేలితో తాకి వచ్చే అనుస్వరమూ, నొక్కితే వచ్చే స్వరమూ ఒకటేనా అని వినాలి. కొత్త తీగ రెండు మూడు రోజులు సాగుతూనే ఉంటుంది, శ్రుతి మాటిమాటికీ దిగుతుంది. అది తీగ తప్పు కాదు.

ఒక సంగతి గుర్తుంచుకోవాలి. వెడల్పు చేసిన గాడిలోకి మళ్లీ పాత సన్న తీగ వేస్తే అది అందులో కదిలి కిటకిటలాడుతుంది. పై పంచమం గలగల కావాలని ఏదో ఒకరోజు అనిపిస్తుంది, ముఖ్యంగా పిల్లల పాటలకి. అందుకని నట్‌ను రుద్దే ముందే దాని కొలతలు తీసుకుని, మెషిన్ షాపు తుక్కులో దొరికే గట్టి ప్లాస్టిక్ ముక్కతో ఇంకోటి చేయించి పెట్టుకోవాలి. జిగురు చుక్క మీద నిలబడే ముక్క అది, మార్చడం తీగ మార్చినంత తేలిక.